ప్రసూన పిన్ని కొలిచిన రెండంగుళాలు

ప్రసూన పిన్నికి తన తోటికోడలంటే అసూయ. మా వరస క్వార్టర్లన్నిటికీ ఈ సంగతి తెలుసు. ఆమె కూడా దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీత మొదలుపెడితే, ఆ గీత చివరికొచ్చేలోగా జ్యోత్స్న మీద ఒక మాట పడాల్సిందే.

ఆమె నాకు సొంత పిన్ని కాదు. భిలాయిలో మా రెండు ఇళ్లదీ ఒకే మెట్లదారి, ఎదురెదురు తలుపులు. మా అమ్మదీ ఆమెదీ విజయనగరం వైపే కాబట్టి చిన్నప్పటి నుంచి పిన్ని అనే పిలుస్తున్నాను. ఎమ్మే అయిపోయి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్న ఈ రెండేళ్లూ నా మధ్యాహ్నాలు ఆమె వరండాలోనే గడిచాయి. హుక్కులు కుట్టడం, అంచులకు చేతికుట్టు వేయడం నా పని. ఆమె టేపు పెట్టి అంకె చెబితే కొలతల పుస్తకంలో రాసేది కూడా నేనే. నేను పెద్దగా మాట్లాడను. ఆమెకు వినేవాళ్లు కావాలి. అలా కుదిరింది.

పిన్ని పుట్టింది చీపురుపల్లిలో. ఇరవై ఒకటో ఏట సత్యారావు బాబాయిని చేసుకుని, ఒక ట్రంకు పెట్టెతో, చేతితో తిప్పే కుట్టుమిషనుతో భిలాయి వచ్చింది. బాబాయి ఉక్కు ప్లాంటులో ఆపరేటరు. మామగారు ధర్మయ్యగారు అప్పటికింకా ఉద్యోగంలో ఉన్నారు. రెండు గదుల క్వార్టరులో ఏడుగురు. వంటా వార్పూ అయ్యాక మిగిలిన వేళలో ఆమె వరండాకు రేకు అడ్డం కట్టించుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. మా సెక్టారులో తెలుగువాళ్లకు ఒక కత్తిరింపు, బెంగాలీలకు ఒకటి, మలయాళీలకు ఒకటి, ఒడియావాళ్లకు ఇంకొకటి. అన్నీ ఆమె చేతికి వచ్చేశాయి. ముందు భాగం ఎవరైనా కుట్టేస్తారని, వీపు కుదిరితేనే దాన్ని జాకెట్టు అనాలని ఆమె అభిప్రాయం. దారిన పోయే ఆడవాళ్లను కూడా వెనక నుంచే చూసేది. ముఖం గుర్తులేకపోయినా వీపు చూసి పేరు చెప్పేసేది.

కొడుకు పండు కడుపులో ఉన్నప్పుడు ఆమె తొమ్మిదో నెల దాకా కాలితో తొక్కే మిషను మీద కూర్చుంది. కింద కుళాయి నుంచి రెండో అంతస్తుకి నీళ్లు మోసింది. అత్తగారు కోటమ్మ ఆ రోజుల్లో కాన్పు సులువవుతుందని చెప్పి ఇల్లంతా వంగి తుడిపించేదట. ఒకసారి బొప్పాయి కాదు, సపోటా కాదు, ఒక్క కమలాపండు తినాలనిపించిందట. బాబాయికి చెబితే, అది కాసే కాలం కాదని రెండు నిమిషాలు వివరించి డ్యూటీకి వెళ్లిపోయాడట. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. పండుకిప్పుడు పంతొమ్మిదేళ్లు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు. కమలాపండు మాత్రం పిన్నికి ఇంకా నిన్నటి సంగతే.

జ్యోత్స్న ఆ ఇంటికి ఆరేళ్ల కిందట వచ్చింది. బాబాయి తమ్ముడు లక్ష్మీప్రసాద్‌కి హథ్‌ఖోజ్‌లో ఇనుప భాగాలు చేసే చిన్న లేత్ యూనిట్ ఉంది, ఆయన భార్య. దుర్గ్‌లో పుట్టి పెరిగిన మనిషి. తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతుంది. పొడగరి. చీర కట్టుకుని నిటారుగా నడిచి వస్తుంటే మా మెట్లదారిలో తలుపులు తెరుచుకునేవి. దేవుడు అందరికీ సరిపడా గుడ్డ ఇచ్చి, దీనికి మాత్రం ఒక జానెడు ఎక్కువ కత్తిరించాడని పిన్ని అనేది. ఆ మాట నవ్వుతూనే అనేది. కానీ జ్యోత్స్న జాకెట్టు కుట్టిన రోజు ఆమెకు తలనొప్పి వచ్చేది.

పెళ్లయిన ఆరేళ్లకు, చాలా మందుల తర్వాత, జ్యోత్స్న గర్భవతి అయింది. ఆమెకు తల్లి లేదు. రెండో నెల వచ్చేసరికి కోటమ్మ, సుపేలాలో కొడుకు కాపురం ఉన్న ఇంటికి తాళం వేయించి కోడల్ని తన దగ్గరకు తెచ్చుకుంది. అంటే పిన్ని ఇంటికి. ఆ ఇంట్లో గాలి వచ్చే గది ఒక్కటే. దాంట్లో పిన్ని మిషను ఉండేది, శీతాకాలంలోనూ వానల్లోనూ ఆమె అక్కడే కుట్టేది. చప్పుడు పడితే కడుపులో బిడ్డకు మంచిది కాదని కోటమ్మ ఆ మిషన్ని వరండాలోకి నెట్టించింది. నెట్టింది బాబాయే. ఆ రోజు పిన్ని నాలుగు జాకెట్లు విప్పి మళ్లీ కుట్టింది.

ఇక మొదలైంది. పొద్దున్నే రాగిజావ, పదింటికి పాలు, మధ్యాహ్నం పెరుగు. డాక్టరు రాసిన కాల్షియం బిళ్లలు ఒకటికి రెండు. ఎముకలు గట్టిపడతాయని ఎవరో ఫోనులో చూపించారట, కోటమ్మ పెరుగులో గోధుమగింజంత తాంబూలపు సున్నం కలిపి చిన్నకోడలికి తినిపించేది. సాయంత్రం ఆ అమ్మాయి పాదాలకు కొబ్బరినూనె రాసేది. డెబ్బై ఏళ్ల మనిషి నేల మీద కూర్చుని కోడలి కాళ్లు ఒళ్లో పెట్టుకోవడం నేను కూడా చూశాను. పిన్ని తలుపు సందులోంచి చూసి, తన కాళ్లు చూసుకుని, మళ్లీ మిషను తొక్కింది.

అన్నిటికంటే ఆమెను కాల్చింది కమలాపళ్లు. బాబాయి డ్యూటీ దిగి సుపేలా బజారు మీదుగా వచ్చి, రోజూ ఒక సంచీ తెచ్చి మరదలి గది ముందు పెట్టేవాడు. నోటికి పుల్లగా ఏదైనా ఉంటే బావుంటుందని ఆ అమ్మాయి ఒక్కసారి అందట, అంతే.

“నా కడుపులో పండు ఉన్నప్పుడు ఈయనకు సుపేలా దారి తెలీదు గావాల” అంది పిన్ని నాతో. నేను ఇంకో హుక్కు కుట్టాను.

జ్యోత్స్న ఆ పళ్లు తినలేకపోయేది. నాలుగో నెల దాటినా వాంతులు తగ్గలేదు. ఎప్పుడు చూసినా దాహం, చేతిలో నీళ్ల సీసా, గంటకోసారి బాత్రూమ్. మాట మధ్యలో ఏం చెబుతున్నదో మరిచిపోయేది. లెక్కల టీచరు, ఒకరోజు పాలవాడికి చిల్లర లెక్క చెప్పలేక నా ముఖం చూసింది. నడుం నొప్పి, వీపు నొప్పి. తుమ్ము వస్తే గోడ పట్టుకునేది. రెండేళ్ల కిందట ఆమెకు కిడ్నీలో రాయి వచ్చి, దానంతటదే పడిపోయింది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? నెలనెలా చూసే డాక్టరమ్మ గర్భిణికి నడుం నొప్పి మామూలేనని చెప్పి పంపించింది.

పిన్ని దృష్టిలో ఇదంతా నఖరా. ఫిబ్రవరిలో చుట్టాలొచ్చిన రోజున ఆమె అందరి ముందూ అనేసింది, నడుం నొప్పి తమకూ వచ్చిందని, తాము చెప్పుకోలేదని. కోటమ్మ ఊరుకోలేదు. కడుపుతో ఉన్న పిల్ల మీద ఏడవడానికి సిగ్గుండాలని అంది. బాబాయి, “నీకు కళ్లు కుట్టాయి ప్రసూనా, అంతే” అని భోజనానికి కూర్చున్నాడు. చుట్టాలు పళ్లాల్లోకి చూశారు. ఆ రోజు నుంచి జ్యోత్స్న సంగతిలో ఆ ఇంట్లో పిన్ని మాటకు విలువ లేకుండా పోయింది. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆమె అన్నా, చిన్నకోడలు వండిందని అంటోందనుకునేవారు.

ఏప్రిల్ రెండో వారంలో, ఎండలు ముదిరి కూలరు బయటకు తీసిన రోజుల్లో, జ్యోత్స్న వరండాలోకి వచ్చింది. ఆరో నెల. ఒంటి మీద పిన్ని జనవరిలో కుట్టిన పచ్చ నైటీ. బాత్రూమ్ గుమ్మంలో ఆ నైటీ కాలికింద పడి తూలిపోయానని, కొంచెం మడిచి కుట్టిపెట్టమని హిందీ కలిపి అడిగింది.

పిన్ని చేతిలో కత్తెర ఆగింది. ముందు ముఖం చిట్లించింది, ఇంకో పని నెత్తిన పడిందని. తర్వాత వంగి అంచు పట్టుకుని చూసింది. మళ్లీ పైకి చూసింది. మళ్లీ అంచు చూసింది.

కుట్టుపని తెలిసినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. కడుపు పెరిగితే నైటీ ముందు భాగం పైకి లేస్తుంది. వెనక ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా అది నూలుగుడ్డ. నాలుగు ఉతుకులకు అరంగుళం ముడుచుకోవాలే గానీ సాగదు. జనవరిలో నేలకు రెండంగుళాల పైన నిలిచిన అంచు ఇప్పుడు వెనక వైపు నేల తుడుస్తోంది.

ఆమె జ్యోత్స్నను తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టింది. నిటారుగా నిలబడమని రెండుసార్లు చెప్పింది. ఆ అమ్మాయి నిలబడుతున్నాననే అంది. మెడ వెనక ఎముక దగ్గర టేపు పెట్టి మడమ దాకా వదిలింది. నన్ను పాత కొలత చూడమంది. జనవరి పేజీలో యాభై ఏడు అని నా చేతిరాత. టేపు మీద యాభై అయిదు. మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ యాభై అయిదే.

నేను కలం తీశాను. “రాయొద్దు” అంది పిన్ని.

అంచు రెండంగుళాలు మడిచి, కుట్టి, ఇచ్చేసింది. జ్యోత్స్న థాంక్యూ దీదీ అని లోపలికి వెళ్లింది. పిన్ని ఆ అమ్మాయి వీపునే చూస్తూ నిలబడింది. అప్పుడు ఆమె పెదవి కొసన ఒక చిన్న కదలిక కనిపించింది నాకు. నవ్వని చెప్పలేను, కాదనీ చెప్పలేను. తర్వాత చాలా రోజులకు ఆమే ఒప్పుకుంది. ఆ ఎత్తు తగ్గిందని తెలిసిన ఆ క్షణాన లోపలెక్కడో బాగుందనిపించిందట. ఒక్క క్షణమేనట. ఆ తర్వాత భయం వేసిందట.

ఆ సాయంత్రమే నన్ను అదే చట్రానికి నిలబెట్టి అదే టేపుతో కొలిచింది. పోయిన దసరాకి నాకు కుట్టిన గౌను కొలత పుస్తకంలో ఉంది. తేడా లేదు. టేపు సాగిపోయిందేమోనన్న ఆశ కూడా పోయింది.

అయినా నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో ఆమెకు ముందే తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. నేను కూడా చెప్పలేదు. ఎదురింటి పిల్లను, ఆ ఇంటి పెద్దవాళ్ల ముందు నోరు తెరిచే అలవాటు లేనిదాన్ని, అది పిన్ని చెప్పాల్సిన మాట కదా అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నాలుగు రోజుల్లో నా వాటా కూడా ఉంది. పిన్ని మాత్రం ఆ నాలుగు రోజులూ కుట్టింది తక్కువ, చూసింది ఎక్కువ. జ్యోత్స్న కూర్చోవడం, లేవడం, నీళ్ల సీసా కోసం చెయ్యి చాపడం. రెండు భుజాల మధ్య వీపు గుండ్రంగా లేస్తోందని, మెడ ముందుకు వస్తోందని, ఇది బద్ధకం కాదని నాతో అంది. నఖరా అన్న మాట మళ్లీ అనలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం జ్యోత్స్న మంచం మీంచి జారిన దిండు తీయబోయి, వంగింది వంగినట్టే ఉండిపోయింది. గొంతులోంచి సన్నని అరుపు. బాబాయీ లక్ష్మీప్రసాదూ కలిసి పడుకోబెట్టారు. కోటమ్మ దిష్టి తగిలిందంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి చిన్నకోడలి చుట్టూ మూడుసార్లు తిప్పింది. తిప్పుతున్నంతసేపూ పెద్దకోడలి వైపే చూసింది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆ చూపు నాకే గుచ్చుకుంది.

పిన్ని అప్పుడు చెప్పింది. జనవరిలో యాభై ఏడు, ఇప్పుడు యాభై అయిదు, పిల్ల రెండంగుళాలు తగ్గింది, వీపులో ఏదో విరుగుతోంది, పెద్ద డాక్టరుకు చూపించండి అని.

“మనిసి పొట్టవుతాదేటే ఎక్కడైనా?” అంది కోటమ్మ. “నీ కడుపుమంటని టేపుతో కొలిచి సెప్తన్నావా మాకు?”

బాబాయి టేపు పాతదైపోయి ఉంటుందన్నాడు. లేత్ మీద మిల్లీమీటరులో పదో వంతు తేడా వస్తే సరుకు వెనక్కి పంపే మనిషి లక్ష్మీప్రసాద్, రెండంగుళాల మాట విని కిటికీలోంచి బయటకు చూశాడు. పిన్ని వరండాలోకి వచ్చి మిషను ముందు కూర్చుంది. కుట్టలేదు. ఇక తన పూచీ లేదని, తను చెప్పేసిందని, వాళ్లిష్టమని నాతో అంది.

కాసేపటికి లోపలి నుంచి జ్యోత్స్న దీదీ అని పిలిచింది. పిన్ని వెళ్లింది, నన్నూ రమ్మంది. ఆ అమ్మాయి వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. తలగడ పక్కన నాలుగు కమలాపళ్లు, ఒలవకుండా.

“దీదీ, సచ్ చెప్పండి. నేను నిజంగా ఛోటీ అయిపోయానా?”

“అయ్యావు.”

“స్కూల్లో బోర్డు మీద పై లైను అందట్లేదు. రెండు నెలల నుంచీ. నాకే పిచ్చి అనుకున్నా.” ఆమె కళ్ల పక్కలనుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. “అందరూ బాగున్నావ్, బాగున్నావ్ అంటారు. మీరొక్కరే అలా అనరు. మీరు నన్ను గుస్సాగా చూస్తారు, లేకిన్ చూస్తారు.”

పిన్ని మంచం మీదికి వంగింది. తన పైట కొసతో ఆ అమ్మాయి చెవులు తుడిచి, రేపు తయారుగా ఉండమంది.

మర్నాడు పొద్దున్న అన్నదమ్ములు పనికి వెళ్లాక, కోటమ్మ స్నానానికి వెళ్లినప్పుడు, మేం ముగ్గురం ఆటోలో బయల్దేరాం. గుంత వచ్చినప్పుడల్లా పిన్ని జ్యోత్స్న నడుం వెనక తన రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆటో అతన్ని భయ్యా, ఎద్దుబండిలాగ నడుపు, పైసలు జాస్తీ ఇస్తాను అంది. సుపేలా రద్దీ దాటేసరికి నలభై నిమిషాలు పట్టింది.

డాక్టరమ్మ విని చిన్నగా నవ్వింది. గర్భంతో నిలబడే తీరు మారుతుందని, అందుకే అలా అనిపిస్తుందని చెప్పింది. పిన్ని హిందీ అంతంతమాత్రం. ఉన్నదాంతోనే పట్టు వదల్లేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఈ పిల్ల ఎత్తు కొలిచి కార్డు మీద రాశారు కదా, మళ్లీ ఒక్కసారి కొలవండి, తేడా లేకపోతే నేనే తప్పని ఒప్పుకుని వెళ్లిపోతానంది. నవంబరులో రాసిన అంకె కార్డు మీద ఉంది. నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు. నర్సు గోడకు ఆనించి కొలిచింది. నూట అరవై మూడు. డాక్టరమ్మ లేచి వచ్చి స్వయంగా కొలిచింది. ఆ తర్వాత నవ్వలేదు.

రక్తపరీక్షలో కాల్షియం పన్నెండున్నర దాటింది. పదిన్నర దాటకూడదట. ఆ కాగితం చూసి ఇంట్లోవాళ్లే రాయపూర్‌లో హార్మోన్ల డాక్టరుకు చూపించారు. ఆయన కాగితం మీద గొంతు బొమ్మ గీసి మాకు వివరించాడు. థైరాయిడ్ వెనక బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగు ఉంటాయి. ఒంట్లో కాల్షియం ఎంత ఉండాలో చూసేది అవే. వాటిలో ఒకటి కంతిలా పెరిగి, అదుపు లేకుండా హార్మోను వదులుతోంది. ఆ హార్మోను ఎముకల్లోని కాల్షియాన్ని లాగి రక్తంలో పోస్తోంది. దాహం, వాంతులు, మతిమరుపు, మునుపటి కిడ్నీరాయి, అన్నీ దాని పనే. పైగా బిడ్డకు కావలసింది కూడా తల్లి నుంచే పోతోంది. ఎక్స్‌రే కాకుండా ఎమ్మారై తీశారు. వెన్నులో మూడు పూసలు కూలబడి ఉన్నాయి. దిండు కోసం వంగిన రోజున కూలింది మూడోది. ఇలాగే వదిలితే తల్లికీ ప్రమాదం, బిడ్డా నిలవకపోవచ్చు. ఆపరేషను ఆరో నెల దాటకుండానే చేయాలి. రోజులు తక్కువగా ఉన్నాయి.

ఏమేం తింటోందని ఆయన అడిగాడు. కాల్షియం బిళ్లలు, పాలు, రాగిజావ, సున్నం. అప్పటికి కోటమ్మ కూడా వచ్చి ఉంది. సున్నం మాట వినగానే డాక్టరు కలం కింద పెట్టాడు. మామూలుగా గర్భిణికి కాల్షియం అవసరమేనని, కానీ ఈ అమ్మాయి రక్తంలో అది ఇప్పటికే పొంగిపోతోందని, ఇంకా పోస్తే గుండెకే ముప్పని, ఈ రోజు నుంచి అన్నీ ఆపమని చెప్పాడు.

కోటమ్మ ముఖం నేను చూడలేకపోయాను. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆమె తన చేతివేళ్లనే చూసుకుంటూ కూర్చుంది. ఒక్క మాట అనే హక్కు ఆ రోజు పిన్నికి వచ్చింది. అంటుందనే అనుకున్నాను. కుమ్హారీ దాటాక నోరు తెరిచింది కూడా. కానీ అన్నది వేరే.

“మీరు ప్రేమగానే పెట్టారు లెండి అత్తయ్యా.” అద్దంలోంచి బయటకు చూస్తూ, “నాకెప్పుడూ పెట్టలేదు. అందుకే నా ఎముకలు బాగున్నాయి” అంది.

అది ఓదార్పో దెబ్బో కోటమ్మకు అర్థమైనట్టు లేదు. ముందు సీట్లో లక్ష్మీప్రసాద్ మాత్రం మెడ తిప్పి వదినను చూశాడు.

ఏప్రిల్ చివర్లో ఆపరేషను జరిగింది. మెడ మీద మూడంగుళాల గాటు. తీసిన కంతి చిన్న చిక్కుడుగింజంత ఉందట. రెండు రోజుల్లో కాల్షియం దిగింది. వారంలో వాంతులు పోయాయి, మాటలు మధ్యలో తెగడం మానేశాయి. నడుముకు పట్టీ వేసుకోమన్నారు, వంగొద్దన్నారు, బరువు ఎత్తొద్దన్నారు. కూలిన పూసలు మళ్లీ లేవవని, మిగతా ఎముకలు మెల్లగా గట్టిపడతాయని చెప్పారు. ఆమె పోయిన ఎత్తు పోయినట్టే.

మెచ్చుకోళ్లు మాత్రం పిన్ని దాకా రాలేదు. లక్ష్మీప్రసాద్ రాయపూర్ డాక్టరు కాళ్లకు మొక్కాడు. కోటమ్మ మొక్కు తీర్చడానికి తలనీలాలిచ్చింది. బాబాయి చుట్టాలందరికీ ఫోన్లు చేసి, సమయానికి పసిగట్టామని చెప్పాడు. పసిగట్టామట. బహువచనం విని పిన్ని నా వైపు చూసింది. ఆసుపత్రిలో మరిది ఆమెతో అన్న మాట ఒక్కటే, వదినా, క్యారియర్‌లో చారు కారిపోయింది అని. పిన్ని రెండు రోజులు ఆ చారు గురించే మాట్లాడింది.

అసూయ పోయిందనుకుంటే పొరపాటు. పట్టీ బిగించేది పిన్ని, స్నానం చేయించేది పిన్ని, మంచం మీంచి పక్కకు దొర్లించి లేపడం నర్సు దగ్గర నేర్చుకుని లేపేది పిన్ని. వీధిలో ఎవరైనా పాపం జ్యోత్స్న ఎంత ఓర్చుకుంటోందో అంటే మాత్రం ఆమె ముఖం మాడిపోయేది. రాత్రుళ్లు లేచేది తనైతే ఓర్పు దానిదా అనేది. ఆ మాట అంటూనే వెళ్లి దాని వీపు వెనక దిండు సర్దేది.

జూలై మూడో వారంలో, వాన పట్టు వదలని రోజున, ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. రెండు కిలోల నాలుగువందలు. తల్లి రక్తంలో కాల్షియం ఎక్కువై ఉండడంతో బిడ్డ గ్రంథులు నిద్రపోయి ఉండవచ్చని, మూర్ఛలాంటిది వచ్చే ప్రమాదం ఉందని, మడమ గుచ్చి రోజూ రక్తం చూశారు. రెండో రోజు పాప చేతులు ఒకసారి అదిరాయి. మందు ఎక్కించారు. నాలుగో రోజుకు తేరుకుంది. అయిదో రోజు ఇంటికి పంపుతూ డాక్టరు జ్యోత్స్నకు ఒక్క సంగతి గట్టిగా చెప్పాడు. మూడు నెలలు బిడ్డను ఎత్తకూడదు. పడుకుని పాలివ్వొచ్చు, పక్కన పెట్టుకోవచ్చు, కానీ చేతుల్లోకి తీసుకుని లేవకూడదు.

కోటమ్మ చేతులు వణుకుతాయి. బాబాయికి పసిపిల్లను పట్టుకోవడం పండుతోనే రాలేదు. లక్ష్మీప్రసాద్ పట్టుకుంటే కొలత తప్పిన ఇనుపముక్కను పట్టుకున్నట్టే ఉంటుంది. అందుకని పాప పొద్దుటి నుంచి రాత్రి దాకా పిన్ని భుజం మీదే. మిషను మీద గుడ్డ కప్పేసింది. వచ్చినవాళ్లకు జాకెట్లు దీపావళి తర్వాతేనని చెప్పేసింది. పాప ఏడిస్తే ఆమె నడక వినగానే ఊరుకునేది. రెండు వారాలకు ఆ గొంతు ఎక్కడుంటే అటు తల తిప్పడం మొదలుపెట్టింది. ఈ సంగతి పిన్ని మెట్లదారిలో ప్రతి తలుపు దగ్గరా ఆగి చెప్పింది.

నిన్న మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పిన్ని వరండాలో పాపను ఎత్తుకుని తిరుగుతోంది. లోపలి గదిలో జ్యోత్స్న పక్కకు తిరిగి పడుకుని తలుపు వైపు చూస్తోంది. పాలవేళ అయింది. పాప సన్నగా గొణుగుతోంది.

“దీదీ, ఇటు ఇవ్వండి.”

“ఊరుకుంటాదిలే, ఒక్క నిమిషం.”

ఆ నిమిషం అయిపోయింది. ఇంకో నిమిషం కూడా. పిన్ని మలుపు తిరిగి మళ్లీ అటు చివరికి వెళ్లింది.

“దీదీ, నాకు మీ మీద జలన్‌గా ఉంది.” జ్యోత్స్న గొంతు మామూలుగానే ఉంది, కళ్లు మాత్రం కాదు. “నా దగ్గర పెట్టినప్పుడు కూడా దాని ఒంటికి మీ వాసనే వస్తోంది. అది నన్ను పహచానే చేయట్లేదు, నేనెవరో దానికి తెలీదు.”

పిన్ని ఆగింది. ఆ మాట ఆమెకు ఎవరూ ఎప్పుడూ ఇవ్వనిది. ఒక కోడలిగా, ఒక భార్యగా, ఇరవై మూడేళ్లలో ఆమెను చూసి ఎవరైనా అసూయపడటం ఇదే మొదలు. ఆమె ముఖం నిండా ఏదో వెలిగింది, దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

“పడు” అంది, గదిలోకి వెళుతూ. “ఆరేళ్లు నాను పడ్డాను. మూడు నెలలు నువ్వు పడు.”

జ్యోత్స్నకు నవ్వొచ్చింది. నవ్వితే వీపు నొప్పి పెడుతుందని పెదవి కొరుక్కుంది. పిన్ని పాపను ఆమె పక్కన పడుకోబెట్టి, రొమ్ముకు అందించి, అది పట్టుకునేదాకా తల కింద చెయ్యి ఉంచింది. పాప పట్టుకుంది. తాగుతోంది. ఇక చెయ్యి తీయొచ్చు. ఆమె తీయలేదు.

“దీదీ” అంది జ్యోత్స్న.

“తీస్తన్నాను” అంది పిన్ని.